కాటా ఎవరిది?

1

పోచంపాడులో మేముండే వీధిలో ఒక ఇల్లాలు ఈ మధ్య నన్ను నిలబెట్టి ఒక ప్రశ్న అడిగింది. ఆమె కొడుకు ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. రాత్రి ఒంటిగంట, రెండుగంటల దాకా ఫోనులో ఆటలాడుతూ కూర్చుంటాడని ఆమె బాధ. మందలించబోతే కుర్రవాడు ఆ ఫోనులోనే ఏదో వార్త చూపించి తల్లి నోరు మూయించాడట.

"ఆటలాడేటోళ్ల మనసు మంచిగుంటదని ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులే చెప్పిన్రట సారూ. నిజమేనా? లేకుంటే ఆ కంపెనీలోళ్లే పైసలిచ్చి చెప్పిచ్చిన్రా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెప్పలేకపోయినందుకు నాకు సిగ్గు వేసింది కూడా. పుస్తకాల మీద నలభై ఏళ్లుగా విమర్శలు రాస్తున్నవాణ్ణి. ఒక రచన ఎవరికోసం రాయబడింది, ఎవరి అండతో రాయబడింది అన్న ప్రశ్నలు నాకు కొత్తవి కావు. అయినా ఆ తల్లి అడిగిన తీరులో నేను ఎన్నడూ అడగలేదు. ఆమె రెండు ప్రశ్నలను విడివిడిగా అడిగింది. చెప్పిన మాట నిజమా? చెప్పించినది ఎవరు? మనలో చాలామంది రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదానికి కూడా దొరికినట్టే భావిస్తాం. పైసలిచ్చారని తెలిస్తే అబద్ధమంటాం. ఇవ్వలేదని తెలిస్తే నిజమంటాం. రెండూ తొందరపాటే.

వీడియో ఆటల గురించిన చర్చకు సాహిత్య పత్రికలో చోటేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. ఆటలో ఇవాళ కథ ఉన్నది, బొమ్మ ఉన్నది, సంగీతం ఉన్నది. మన పిల్లలు నవలకు ఇచ్చే కాలం కంటే దానికి ఇచ్చే కాలం ఎక్కువ. ఎస్పెన్ ఆర్సెత్ అనే నార్వే పండితుడు 2001లో 'గేమ్ స్టడీస్' అనే పరిశోధన పత్రిక మొదలుపెట్టి, ఆ సంవత్సరాన్ని ఈ శాస్త్రానికి మొదటి సంవత్సరంగా ప్రకటించాడు. అంటే పాతికేళ్ల వయసున్న విమర్శశాఖ ఇది. నవలకు విమర్శ పుట్టే నాటికి నవలా ప్రచురణకర్త అంత పెద్ద ధనికుడు కాడు. ఆటకు విమర్శ పుట్టే నాటికే ఆట కంపెనీ మహా సంపన్నురాలు. విమర్శకుడికి కావలసిన లెక్కలన్నీ దాని పెట్టెలోనే ఉన్నవి. ఈ తేడా చిన్నది కాదు.

2

నేను చెరకు పండించే ఇంట పుట్టాను. కనుక నాకు తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను.

మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తి కావడంతో బోధన్ ప్రాంతానికి నీరు వచ్చింది. నీటి వెనక చెరకు వచ్చింది. చెరకు వెనక 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. దాని పేరు మీద శక్కర్‌నగర్ అనే ఊరే వెలిసింది. ఒకప్పుడు ఆసియాలో పెద్ద ఫ్యాక్టరీల్లో ఒకటిగా పేరు పొందిన ఆ సంస్థలో 2002లో ప్రభుత్వం సగానికి పైగా వాటాను ప్రైవేటువారికి ఇచ్చింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఆ చరిత్ర వేరే వ్యాసానికి తగింది. ఇక్కడ నాకు కావలసింది కాటా.

మా తండ్రి చెరకు తోలిన మిల్లు బోధన్‌ది కాదు. దాని పేరు ఇక్కడ అవసరం కూడా లేదు. ఏ మిల్లయినా పద్ధతి ఒకటే. కోత పర్మిట్ మిల్లు ఇస్తుంది. నరికిన చెరకును బండి మీద మిల్లు వాకిటికి చేర్చాలి. అక్కడ బండిని కాటా ఎక్కిస్తారు. ఆ కాటా మిల్లుది. తూకం రాసే గుమాస్తా మిల్లు మనిషి. తరువాత చెరకులో చక్కెర శాతం ఎంతో తేల్చే ప్రయోగశాల కూడా మిల్లుదే. దానినే రికవరీ అంటారు. రైతు ధర ఈ రికవరీ మీద ఆధారపడి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2025–26కు ప్రకటించిన ధర క్వింటాలుకు 355 రూపాయలు. అది 10.25 శాతం రికవరీకి కట్టిన లెక్క. రికవరీ పెరిగితే ధర పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కొనేవాడే తూస్తాడు, కొనేవాడే నాణ్యం తేలుస్తాడు, కొనేవాడే చీటీ రాసిస్తాడు.

మా తండ్రి ఆ కాటాను దొంగకాటా అని ఏనాడూ అనలేదు. "తూకం తప్పని నేననను. నాకు కానరాదంటున్న," అనేవాడు. చిన్నతనంలో నాకది పిరికి మాటలాగా తోచేది. తూకం తప్పని తెలిస్తే పోట్లాడాలి గానీ, కనబడలేదని గొణగడమేమిటనుకునేవాణ్ణి. ఇప్పుడాలోచిస్తే ఆయన మాటే సరిగ్గా చెక్కిన మాట. కాటా తప్పు చూపిందా అన్నది ఒక రోజు ప్రశ్న. కాటా ఎవరిదన్నది అన్ని రోజుల ప్రశ్న. నిజమైన తూకం చూపిన రోజున కూడా రైతు ఆ తూకాన్ని తెలిసి ఒప్పుకోలేదు, గత్యంతరం లేక ఒప్పుకున్నాడు.

ప్రయోజనాల సంఘర్షణ అని పండితులు పిలిచే విషయం ఇంతకంటే వేరు కాదు. అది ఒక మనిషి దొంగ అని చేసే నిందారోపణ కాదు. తూచేవాడికి తూకం మీద ఆశ ఉన్న పరిస్థితికి పెట్టిన పేరు. అందులో నిజాయితీపరుడు ఉండవచ్చు. అతని నిజాయితీని బయటివాడు చూసుకునే దారి మాత్రం ఉండదు.

3

చక్కెర మాట వచ్చింది గనుక, చక్కెర వ్యాపారం విజ్ఞానశాస్త్రాన్ని ఎట్లా తూచిందో కూడా చూద్దాం. ఆటల మీద పరిశోధనను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

1960ల్లో అమెరికాలో గుండెజబ్బుకు కారణం కొవ్వా, చక్కెరా అన్న వాదం నడుస్తున్నది. 1965లో చక్కెర వ్యాపారుల సంస్థ అయిన షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్, హార్వర్డ్ విశ్వవిద్యాలయం పోషకాహార శాస్త్రజ్ఞుల చేత ఒక సమీక్షా వ్యాసం రాయించే ఏర్పాటు చేసింది. ప్రతిఫలం 6,500 డాలర్లు. ఏయే పరిశోధనలను పరిశీలించాలో సూచించడంలోనూ, రాతప్రతులను ముందుగా చూడడంలోనూ ఆ సంస్థకు చెయ్యి ఉన్నది. వ్యాసం 1967లో రెండు భాగాలుగా న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. చక్కెర మీద అనుమానం కలిగించే పరిశోధనలకు అందులో కఠినమైన పరీక్ష జరిగింది. కొవ్వు మీద అనుమానం కలిగించే వాటికి అంతటి పరీక్ష జరగలేదు. చక్కెర సంస్థ డబ్బు సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు. దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2016లో, క్రిస్టిన్ కెర్న్స్ అనే పరిశోధకురాలూ ఆమె సహచరులూ పాత ఉత్తరప్రత్యుత్తరాలు వెదికి ఈ సంగతి బయటపెట్టారు.

ఈ ఉదంతాన్ని కుట్రకథగా చెప్పుకోవడం తేలిక. కాని 2018లో సైన్స్ పత్రికలో ఇద్దరు చరిత్రకారులు దీనికి అభ్యంతరం చెప్పారు. ఆ రోజుల్లో పరిశ్రమల డబ్బు తీసుకోవడం పరిశోధకులకు మామూలే. అచ్చులో దానిని వెల్లడించాలన్న నియమం ఆ పత్రికకు అప్పటికి లేదు, 1984లో గాని రాలేదు. ఆ హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కొవ్వు గురించిన అభిప్రాయానికి డబ్బు అందకముందే వచ్చి ఉన్నారు. కనుక డబ్బు అభిప్రాయాన్ని కొన్నదనడం సరికాదని వారి వాదం.

ఈ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను. పైగా, అసలు విషయం అందులోనే ఉన్నదంటాను. వ్యాపారి తెలివైనవాడయితే అభిప్రాయాన్ని కొనడు. అది ఖరీదు, పైగా ప్రమాదం. తనకు అనుకూలమైన అభిప్రాయం అప్పటికే ఎవరికున్నదో వెదుకుతాడు. వారికి కాగితం, కలం, తీరిక సమకూరుస్తాడు. ఎదుటి అభిప్రాయం గలవాడికి అవి సమకూర్చడు. ఇద్దరూ నిజాయితీపరులే. కాని పదేళ్లు గడిచేసరికి గ్రంథాలయంలో ఒకరి పుస్తకాలు పది ఉంటాయి, రెండోవారివి రెండుంటాయి. చదువరి ఆ పదింటినీ చూసి శాస్త్రం ఇట్లా అంటున్నదనుకుంటాడు. ఒక్కొక్క వ్యాసంలో అబద్ధం లేకపోవచ్చు. అబద్ధం అలమరలో ఉన్నది.

4

ఇప్పుడు ఆ కుర్రవాడు తల్లికి చూపిన వార్తకు వద్దాం.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ప్రిజిబిల్స్కీ అనే ఆచార్యుడూ అతని సహచరులూ 2020 నవంబరులో ఒక పరిశోధన వెల్లడించారు. అది 2021లో రాయల్ సొసైటీవారి పత్రికలో అచ్చయింది. అంతకు ముందు ఆటల మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువభాగం "రోజుకు ఎన్ని గంటలు ఆడతారు?" అని ఆటగాడినే అడిగి రాసుకున్నవి. మనిషి తాను గడిపిన కాలాన్ని తానే సరిగ్గా చెప్పలేడు. అందుచేత వీరు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, నింటెండో అనే రెండు కంపెనీలను అడిగి, ఆటగాళ్లు నిజంగా ఆడిన గంటల లెక్కను సంపాదించారు. 3,274 మంది జవాబులను ఆ లెక్కతో సరిచూశారు. ఎక్కువ సేపు ఆడినవారు కొంచెం ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. ఆ సంబంధం స్వల్పమైనదని వారే చెప్పారు.

ఈ పరిశోధకుల ప్రవర్తనలో నాకు తప్పు కనిపించలేదు. కంపెనీలు లెక్కలిచ్చాయి గాని డబ్బివ్వలేదనీ, ఫలితం మీద వాటికి అధికారం లేదనీ బాహాటంగా ప్రకటించారు. తమ లెక్కలు ఇతరులు కూడా సరిచూసుకునేందుకు వీలు కల్పించారు. హార్వర్డ్ వ్యాసం రహస్యంగా చేసిన పనికి ఇది సరిగ్గా వ్యతిరేకం. కనుక ఆ తల్లి రెండో ప్రశ్నకు జవాబు: లేదమ్మా, వాళ్లు పైసలిచ్చి చెప్పించలేదు.

అయితే కాటా ఎవరిది?

కాటా కంపెనీలదే. ఎవరెవరిని పిలవాలో కంపెనీల జాబితా నుంచే తేలాలి. ఏ లెక్క బయటికి రావాలో కంపెనీ గడప దాటితేనే వస్తుంది. పిలిచినవారిలో అతి కొద్దిమందే జవాబిచ్చారు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటున్నది. జవాబిచ్చినవారందరూ పద్దెనిమిదేళ్లు నిండినవారు. పరిశీలించిన ఆటలు రెండు. ఒకటి దీవిలో ఇల్లు కట్టుకుని, చెట్లు నాటుకుని, ఇరుగుపొరుగుతో కాలక్షేపం చేసే ఆట. మరొకటి మొక్కలకూ శవాలకూ మధ్య సరదా యుద్ధం. పోచంపాడులో రాత్రి రెండుగంటలకు దుప్పటి కప్పుకుని తుపాకి ఆట ఆడే పదిహేడేళ్ల కుర్రవాడు ఈ పరిశోధనలో ఎక్కడా లేడు. తనను తూచని కాటా చీటీ తెచ్చి తల్లికి చూపించాడు.

ఆ పిల్లవాడి తప్పు అంతగా లేదు. వార్త రాసినవారు "ఆటలు మనసుకు మంచివి" అని శీర్షిక పెట్టారు. ఎవరి మనసుకు, ఏ ఆటలు, ఎంత మంచివి అన్న మూడు ప్రశ్నలూ శీర్షికలో పట్టవు. ఆ మీదట జరిగినది ఆ వార్తాహరులకు పట్టలేదు. ఆ పరిశోధకుల బృందమే 2022లో మరింత పెద్ద పరిశోధన చేసింది. ఏడు ఆటలు, 38,935 మంది ఆటగాళ్లు, ఆరు వారాల పరిశీలన. ఈసారి తేలినదేమిటంటే, ఆడిన కాలానికీ మనసు బాగోగులకూ కార్యకారణ సంబంధం దాదాపు లేదు. సగటు ఆటగాడు రోజుకు మరో పది గంటలు అదనంగా ఆడితే గాని తేడా తనకు తెలియదు. ఎంతసేపు ఆడాడన్నదాని కంటే ఎందుకు ఆడుతున్నాడన్నది ముఖ్యం. ఇష్టంతో ఆడేవాడు బాగానే ఉన్నాడు. ఆడకుండా ఉండలేక ఆడేవాడు బాగా లేడు.

తమ మొదటి మాటను తామే పెద్ద తూకంతో సవరించుకోవడం స్వతంత్ర పరిశోధనకు మంచి ఆనవాలు. కాని మొదటి మాట లోకమంతా తిరిగింది. సవరణ పరిశోధకుల గదుల్లో ఉండిపోయింది. మా వీధి కుర్రవాడి ఫోనులోకి వచ్చింది మొదటిదే.

ఇంకొక సంగతి పాఠకులు గమనించాలి. తలుపు తీసిన కంపెనీల ఇళ్లనే పరిశోధకుడు చూడగలడు. తలుపు తీయడానికి ఎవరు ఒప్పుకుంటారు? తమ ఇంట్లో దాచుకోవలసినది లేదనుకునేవారు ఒప్పుకుంటారు. డబ్బు చెల్లించి, లోపల ఏముందో తెలియని పెట్టె తెరిచే ఏర్పాటు కొన్ని ఆటల్లో ఉన్నది. ఆ పెట్టెల మీద ఖర్చు ఎక్కువైన వారిలో జూదపు లక్షణాలు కూడా ఎక్కువని 2018లో జెండిల్, కెయిర్న్స్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. వారి దగ్గర కంపెనీ లెక్కలు లేవు. ఆటగాళ్లను అడిగి రాసుకున్నవే ఉన్నవి. కనుక ఆ పరిశోధన బలహీనమని వాదించడం తేలిక. ఇక్కడ న్యాయం ఎట్లా తారుమారైందో చూడండి. కంపెనీ సమ్మతితో జరిగే పరిశోధనకు గట్టి లెక్కలు దొరుకుతాయి. సమ్మతి లేకుండా జరిగేదానికి మెత్తని లెక్కలే గతి. ఆ పైన శాస్త్రం పేరుతో గట్టిదాన్ని నమ్ము, మెత్తదాన్ని తోసెయ్యి అంటారు.

ఆట కంపెనీలకు ఎదురుగా నిలబడేవారికి ప్రయోజనాలు లేవనుకోకూడదు. ఆటవ్యసనాన్ని ఒక రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించింది, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చింది. రుగ్మత అంటూ ఏర్పడితే వైద్యం ఏర్పడుతుంది, వైద్యశాలలు ఏర్పడతాయి, పరిశోధనకు నిధులు ఏర్పడతాయి. ఆ నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ కొందరు విద్వాంసులు రాసిన వ్యాసంలో పరిశ్రమ తనకు పనికివచ్చే ముక్క వెదుక్కున్నది. సమర్థించినవారి వ్యాసాల్లో తమకు పనికివచ్చే ముక్కలు వేరేవారు వెదుక్కున్నారు. ఏ గుడారంలో కూర్చున్నా కాటాను గురించి అడగవలసిందే.

5

మన తెలుగునేల మీద ఈ ప్రశ్న మరింత కటువుగా ఎదురైంది. అది రమ్మీ ఆట.

సికింద్రాబాదులో ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారి మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. 1968 నాటి తీర్పుగా అది ప్రసిద్ధి పొందింది. ముక్కలు గుర్తుంచుకోవాలి, పడే ముక్కను బట్టి చేతిని కట్టుకోవాలి గనుక, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని ధర్మాసనం చెప్పింది. ఇంటర్నెట్టులో రమ్మీ దుకాణాలు తెరిచిన కంపెనీలు ఈ వాక్యాన్ని తమ గడప మీద కట్టుకున్నాయి. కాని ఆ తీర్పులోనే మరో మాట ఉన్నది. ఇల్లుగలవాడు గాని క్లబ్బు గాని ఆ ఆట మీద లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం కావచ్చునని. ఆ మాటను ఏ గడప మీదా నేను చూడలేదు.

రమ్మీలో నైపుణ్యం పాలెంత అన్నది ఒక ప్రశ్న. ప్రతి పందెంలోనూ దుకాణదారుడికి వాటా ఎంత అన్నది మరొక ప్రశ్న. మొదటి ప్రశ్న మీద గణితం, వాదం, వ్యాసం ఎన్నయినా పుట్టించవచ్చు. అవన్నీ నిజమే కావచ్చు. వాటి పని జవాబు చెప్పడం కంటే కూడా రెండో ప్రశ్న అడగకుండా చూడడం. ఆటగాడు ఎంత నిపుణుడయినా పందెం పందేనికీ పక్కవాడి జేబుకంటే ముందు దుకాణం జేబు నిండుతుంది. సంక్రాంతికి కోడిపందెం నడిపేవాడు కోళ్ల నైపుణ్యం గురించి ఎంతైనా మాట్లాడతాడు.

2017లో తెలంగాణ ప్రభుత్వం, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటర్నెట్టు పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పందెపు ఆటలను నిషేధించి, పందెం లేని ఆటలను వేరు చేసింది. ఆ చట్టం మంచి చెడ్డల జోలికి నేను పోను. కాని అది ఒక పని చేసింది. 'ఆట' అనే ఒక్క మాట కింద ఇన్నాళ్లూ కలిసి దాక్కున్న రెండు వస్తువులను విడదీసింది. దీవిలో చెట్లు నాటుకునే ఆట మీద జరిగిన పరిశోధన, పందెం దుకాణం గోడకు అలంకారం కాకూడదు. మాటను విడదీసి చూపడం విమర్శకుడి మొదటి పని. మనం చేయలేదు. చట్టం చేసింది.

6

ఇంతదాకా చెప్పినది విని, అయితే ప్రతి పరిశోధకుడి జేబూ వెదకాలి, ప్రతి విమర్శకుడినీ అనుమానించాలి అని ఎవరైనా అనుకుంటే, అదీ ప్రమాదమే. దానికీ ఉదాహరణ ఆటల లోకంలోనే ఉన్నది.

2014లో అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ ఆటల పత్రికా రచనలో నీతి కావాలనే నినాదంతో ఒక అలజడి లేచింది. విమర్శకులకూ ఆటలు తయారుచేసేవారికీ లోపాయికారీ సంబంధాలున్నాయన్నారు. వినడానికి నేను పైన రాసిన ప్రశ్నలాగానే ఉన్నది. కాని ఆ ప్రశ్న అడిగిన గుంపు ఆట కంపెనీల వాకిటికి పోలేదు. ఆటల్లో స్త్రీలను చూపించే తీరును విమర్శించిన స్త్రీల ఇళ్ల మీద పడింది. బెదిరింపులు, బూతులు, చంపుతామన్న ఉత్తరాలు. ఆటల మీద పరిశోధన చేసే ఒక అంతర్జాతీయ సంఘం సభలో జరిగిన బహిరంగ చర్చ నోట్సును పట్టుకుని, పండితులంతా కుట్ర పన్నారని ప్రచారం చేశారు. ఆ సభలో పాల్గొన్న షిరా చెస్, అడ్రియన్ షా అనే ఇద్దరు పరిశోధకురాళ్లు ఈ వైనాన్ని 2015లో వ్యాసంగా రాశారు.

కనుక ప్రశ్న అడిగేవాడిని కూడా ఒక ప్రశ్న అడగాలి. నువ్వు కాటా దగ్గరికి పోతున్నావా, తూకం గట్టిగా చదివినవాడి మీదికి పోతున్నావా? ప్రయోజనాల సంఘర్షణ గురించిన విచారణ బలవంతుడి వైపు మొగం పెట్టి సాగాలి. అది బలహీనుడి వైపు తిరిగితే వేధింపు అవుతుంది, ఎంత నీతివాక్యం పలికినా సరే.

7

మన సాహిత్యంలో ఈ సంగతికి పాత సంప్రదాయం ఉన్నది. దానిని మనం ఎగతాళి చేస్తాం గాని, అందులో నేర్చుకోవలసిందీ ఉన్నది. కృతిని అంకితం ఇచ్చే కవి, అవతారికలో కృతిపతి పేరు, వంశం, ఐశ్వర్యం అంతా వర్ణించేవాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ సెట్టి అనే వర్తకుడికి అంకితం ఇచ్చాడు. ఆ కావ్యం తెరిచిన ప్రతివాడికీ దాని వెనక ఎవరి డబ్బున్నదో మొదటనే తెలుస్తుంది. 1967 నాటి హార్వర్డ్ వ్యాసం కంటే శ్రీనాథుడు ఈ విషయంలో నిజాయితీపరుడు.

అయితే వెల్లడించినంత మాత్రాన స్వాతంత్ర్యం రాదు. డబ్బిచ్చినవాడి పేరు చెప్పి పొగిడినా అది పొగడ్తే. పోతన భాగవతాన్ని రాజుకు కాక రాముడికి అంకితమిచ్చి ఈ చిక్కును తప్పించుకున్నాడని మనం గర్విస్తాం. దాశరథి 1948లో ఇందూరు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. బొగ్గు ముక్కకు కృతిపతి అక్కరలేదు. ఇవి మహోన్నతమైన ఉదాహరణలే. కాని ఇవి కవికి చెల్లుతాయి, పరిశోధకుడికి చెల్లవు. లక్షలమంది ఆటగాళ్ల గంటల లెక్క గోడ మీద బొగ్గుతో రాసేది కాదు. పోతన నాగలితో దున్నితే వచ్చేది కాదు. పరిశోధకుడికి డబ్బు కావాలి, లెక్కలు కావాలి, యంత్రాలు కావాలి. త్యాగం చెయ్యమని అతనికి ఉపదేశించడం, కాటా అడగవద్దని రైతుకు చెప్పడం లాంటిది.

స్వాతంత్ర్యం శీలం కంటే ముందు ఒక ఏర్పాటు. మా జిల్లాలోనే రుద్రూరులో ప్రభుత్వ చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఉన్నది. ఏ రకం చెరకు ఈ నేలకు తగునో తెలుసుకోవడానికి రైతు మిల్లు మాట ఒక్కదాని మీదనే ఆధారపడనక్కరలేకుండా ఉండడానికి అటువంటి కేంద్రాలు కావాలి. వాటి తూకం మిల్లుది కాదు. ఆటల విషయంలో అటువంటిదేది? లెక్కలు ఇవ్వడం కంపెనీ దయ మీద కాక చట్టం మీద ఆధారపడాలి. ఫలితం రాకముందే పరిశోధన ప్రణాళికను బహిరంగంగా నమోదు చెయ్యాలి. అనుకూలమైనా ప్రతికూలమైనా అచ్చు వెయ్యాలి. అచ్చయిన లెక్కను ఎవరైనా మళ్లీ తూచుకోగలగాలి. పల్లెలో బయటి వేబ్రిడ్జి ఒకటి ఉంటే మిల్లు కాటా దానంతటదే సరిగ్గా నిలబడుతుంది.

ఇతరులకు ఇంత చెప్పినవాణ్ణి నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక కవితా సంపుటికి నేను సమీక్ష రాశాను. ఆ సంపుటి అచ్చుకు సాయపడిన దాత, ఆ ఏడాదే మేము జరిపిన సాహిత్య సభకు రెండు పూటలా భోజనాలు పెట్టించాడు. నేను రాసిన మెప్పు అబద్ధం కాదు. ఆ కవిత్వం నాకు నిజంగానే నచ్చింది. కాని భోజనాల సంగతి సమీక్షలో రాయలేదు. నచ్చని రెండు పద్యాల సంగతి కూడా రాయలేదు. ఈ రెండు మౌనాలకూ సంబంధం లేదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను. ఒకరి పుస్తకానికి ఒకరం ముందుమాటలు రాసుకుని, ఒకరి సభకు ఒకరం అధ్యక్షత వహించి, ఆ తరువాత ఆ పుస్తకాలకే బహుమతులు నిర్ణయించే సంఘాల్లో కూర్చునే మనం, ఆట కంపెనీల సంగతి మాట్లాడే ముందు మన కాటాను ఒకసారి బయటపెట్టాలి. సమీక్ష కింద రెండు పంక్తులు చాలు: ఈ రచయిత నాకు తెలుసు, ఈ ప్రచురణకర్త నా పుస్తకమూ వేశాడు.

ఆ ఇల్లాలికి నేను చివరకు ఏం చెప్పానంటే, ఆ పరిశోధన అబద్ధం కాదు, డబ్బుకు చేసినదీ కాదు, కాని అది మీ అబ్బాయిని తూచినది కాదు అని. పెద్దవాళ్లను, వేరే ఆటలను తూచారనీ, ఆ తరువాత వాళ్లే ఇంకా పెద్ద తూకం వేసి మొదటి మాటను సవరించుకున్నారనీ చెప్పాను. ఎన్ని గంటలు ఆడుతున్నాడని కాక, ఎందుకు ఆడుతున్నాడో, ఆపమంటే ఆపగలడో లేదో చూడమన్నాను. నిద్ర, చదువు, తిండి చెడినా ఆపలేకపోతూ నెలల తరబడి అట్లాగే ఉంటే డాక్టరుకు చూపించమన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. "అయితే ఆనికి తూకమేసేటోడు ఎవడు లేడన్నట్టు," అన్నది. లేడని ఒప్పుకున్నాను. "నేనే చూసుకుంట మరి," అని లోపలికి పోయింది.